నాలుగో నంబరు మంచం

మతోలా,
సోమవారం, 24 నవంబర్ 1997

నన్ను అతిథుల కాగితంలో ఎక్కించారు.

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు దీనికి సమాధానం కావాలి పెద్దమ్మా. పెళ్ళి ఎవరిది? నొయెమియాది. నీ కడుపున పుట్టిన నొయెమియాది. నాకంటే రెండేళ్ళు చిన్నదై ఉండి, నా గౌన్లు చింపి, నేనే చింపానని నీతో చాడీలు చెప్పిన నొయెమియాది. దాని పెళ్ళికి నాకు టైపు కొట్టిన కాగితం వచ్చింది!

బస్సు డ్రైవరు కుస్తోదియు మా బస్సుల రిపేరు షెడ్డు ముందు ఆపి, "ఇన్యాంబానె నుంచి మీ వాళ్ళు పంపారు, పెళ్ళి సంగతులట" అని కవరు చేతికిచ్చాడు. వెల్డింగు ఆపి, చేతులు కూడా కడుక్కోకుండా చింపాను. ఏ రోజు దిగాలో, ఏ పని నాదో, ఇక్కడి సంతలో ఏం కొనుక్కురావాలో రాశావనుకున్నాను. షెడ్డులో వాళ్ళంతా మూగారు. మేస్త్రి సెబాస్తియావ్, "గట్టిగా చదువు, మేమూ వింటాం" అన్నాడు. చదివాను. నా ఖర్మ.

"మా ఊరికి విచ్చేయు గౌరవనీయులైన అతిథులకు ఉపయోగపడు సంగతులు. మషీషె రేవులో పడవ ఎక్కువారు పోటు మీద రావలెను. ఆటు సమయమున పడవ బురదలో ఆగిపోవును. అట్టి పరిస్థితిలో చెప్పులు చేత పట్టుకొని, బట్ట మోకాళ్ళ వరకు ఎత్తుకొని నడవవలెను. ఎండ తీవ్రముగా నుండును, టోపీ తెచ్చుకొనవలెను. కొబ్బరి కల్లు తియ్యగా నున్నదని ఎక్కువ పుచ్చుకొనరాదు."

ఇవన్నీ నాకు చెప్తున్నారా? ఆ బురదలో పీతలు పట్టింది నేను. నొయెమియా చెప్పు అదే బురదలో కూరుకుపోతే నడుం దాకా దిగి వెతికింది నేను. కల్లు సంగతైతే, నేనెంత తాగానో మీకంటే ఆ చెట్లకే బాగా తెలుసు.

ఇక బట్టలు. పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళకి పసుపు కపులానా, పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళకి నీలం కపులానా, నడుముకు చుట్టే గుడ్డ. బాగుంది. ఆ కింద వరుస చూడు: "అతిథులు ఈ రెండు రంగులు తప్ప ఏ రంగైనను ధరించవచ్చును." లోకంలో ఉన్న రంగులన్నీ నాకిచ్చేసి, నాదైన ఒక్క రంగూ లాక్కున్నారు.

ఆఖరున పడకలు. "మూడో నంబరు మంచం: పాదిరి గారి చెల్లెలు. నాలుగో నంబరు మంచం: కుమారి ఫెలిజార్దా, మతోలా." మంచం, పెద్దమ్మా! మనింట్లో పెళ్ళికి మంచం ఎవరికి వేస్తారో నాకు తెలియదా? మనవాళ్ళంతా పెరట్లో జీడిమామిడి చెట్టు కింద చాపల మీద, ఒకరి కాలు ఇంకొకరి మొహం మీద వేసుకుని పడుకుంటారు. మంచం పరాయివాళ్ళకి.

చదవడం అయ్యాక షెడ్డులో ఒక్కడూ నవ్వలేదు. దాంతో నాకు ఇంకా మండింది. మేస్త్రి ఒక్కడే, "మంచి మంచమేలే అమ్మాయ్" అన్నాడు, ఓదార్చడానికి.

ఇంకోటి. ఈ కుస్తోదియు మనకేమవుతాడు? ఏమీ కాడు. వాడికి బస్తా ఉల్లిపాయలు తెమ్మని పురమాయించావట! ఉల్లి సంత నా షెడ్డుకి ఎదురుగా ఉంది. నన్నడగలేదు. గరిటె తెమ్మని కూడా అడగలేదు.

నాకు తిప్పి తిప్పి రాయడం రాదు. నాకు అక్షరాలు నేర్పింది బడి కాదు, బస్సుల నుదుట రంగుతో రాసే ఊళ్ళ పేర్లు. ఏ ఊరు పోతుందో ఆ ఊరే రాస్తారు దాని మీద. అలాగే అడుగుతున్నాను. నేను ఏం చేశానని నన్ను బయటివాళ్ళలో కలిపారు? కాగితం టైపు చేసింది నొయెమియా అని తెలుసు. చెయ్యమంది ఎవరు? కుస్తోదియు గురువారం తిరిగొస్తాడు. అతని చేతికి జవాబివ్వు. ఖాళీ చేతులతో వస్తే ఇక నేను రాయను.

ఫెలిజార్దా
(కుమారి. మతోలా.)


ఇన్యాంబానె,
బుధవారం, 26 నవంబర్ 1997

నా బంగారు ఫెలీకి, నీ పెద్దమ్మ జుల్మీరా రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి రాయునది.

ఇక్కడ మేమంతా ఆరేసిన ఎండుచేపల్లా ఉన్నాం, ఎండ అలా ఉంది. మీ పెదనాన్న మోకాలు పర్వాలేదు. మేక ఒక్కటే బాగా లేదు. గుడికి కట్టడానికి కాగితం పూలు చేసి పెడితే సగం తినేసింది. ఇప్పుడు దాని కడుపు పెళ్ళి పందిరిలా ఉబ్బింది.

పందిరంటే గుర్తొచ్చింది. మన కాబోయే అల్లుడు ఆర్లిందు తెరచాపలు కుట్టేవాడు కదా, పాత తెరచాపలన్నీ కలిపి తనే పందిరి కుడుతున్నాడు. తీతు మామయ్య చూసి, "గాలి గట్టిగా వీస్తే పెళ్ళి మొత్తం మషీషె రేవుకి కొట్టుకుపోతుందిరా అబ్బాయ్" అన్నాడు. ఆర్లిందు, "అలాగైతే పడవ ఖర్చు కలిసొస్తుంది మామయ్యా" అన్నాడు. పిల్లాడు నవ్వడు గానీ మాట వేస్తాడు. నీకు నచ్చుతాడు.

నీ ఉత్తరం చదివాను. మూడుసార్లు చదివాను. నీ కోపం ఎందుకో అర్థమైంది. పాదిరి గారి చెల్లెలి గురక. ఆవిడ పక్కన పడుకుంటే నిద్ర పట్టదన్న మాట నిజమే, నాకు ముందే తట్టాల్సింది. నిన్ను ఒకటో నంబరుకి మార్చాను. కిటికీ పక్కన, కొత్త దోమతెర. అది ఆసుపత్రి డాక్టరు గారి కోసం ఉంచింది. ఆయన్ని నీ నాలుగుకి పంపాను. ఆయనకి గురక రోగంలా కనిపిస్తుంది కాబట్టి ఏదో మందు ఇచ్చి ఆపుతాడు. అందరికీ మేలే.

రంగు సంగతి. నీలం అంత మంచి రంగు కాదే, ఉతికితే వెలుస్తోంది. నువ్వు ఎరుపు కట్టుకో, నీకు బాగుంటుంది.

పని సంగతి. రోజంతా ఇనుముతో కుస్తీ పట్టేదానివి, ఇక్కడికొచ్చి మళ్ళీ కొబ్బరితో కుస్తీ ఎందుకు? డిసెంబరు ఇరవై, శనివారం ఉదయం పోటు మీద దిగు. రేవులో నీ పెట్టె మొయ్యడానికి మనిషిని పెడతాను. చల్లగా కూర్చుని చూడు. ఆ ముందు బుధవారం ఆడవాళ్ళంతా కొబ్బరి తురమడానికి కూడతారు, ఆ రోజుకి మాత్రం రావద్దు. గట్టిగా చెప్తున్నాను ఫెలీ, ఆ రోజు రావద్దు. మంచి చెప్పులు కూడా తేకు, రేవు నుంచి గుడి దాకా అంతా ఇసుకే. టోపీ మాత్రం తెచ్చుకో. పోయినసారి నీ ముక్కు మీద తోలు ఊడింది.

ఉల్లిపాయలు కుస్తోదియు తెస్తాడు. నువ్వు ఆ బరువు పెట్టుకోకు.

కాగితంలో వెనకవైపు ఒక మాట ఉంది, చూశావో లేదో. ప్రతి అతిథీ తమతో ఒకరిని తీసుకురావచ్చు. నీకెవరైనా ఉంటే తీసుకురా. లేకపోయినా ఏం పర్లేదు. ఉంటే మాత్రం ముందే రాయి, అన్నం కొలతకి కాదు, ఊరికే.

మీ పెదనాన్న దీవెనలు. మేక కూడా నిన్నడిగింది.

నీ పెద్దమ్మ


మతోలా,
సోమవారం, 1 డిసెంబర్ 1997

గౌరవనీయులైన శ్రీమతి జుల్మీరా గారి సముఖమునకు,

మీరు దయతో పంపిన జాబు అందినది. ఒకటో నంబరు మంచమునకు కృతజ్ఞతలు. మీ ఊరి ఎండ గురించి, ఇసుక గురించి చెప్పి మేలు చేశారు. నాకు మీ ఊరు కొత్త కదా.

అతిథిని అన్నారు గనుక అతిథికి ఉండే సందేహాలు కొన్ని ఉన్నవి. మీ ఇంట ఉదయపు టీ ఎన్ని గంటలకు ఇచ్చెదరు? నాకు టీలో మూడు చెంచాల పంచదార అలవాటు, తక్కువైన తలనొప్పి వచ్చును. స్నానమునకు వేడినీళ్ళ బాల్చీ ఎవరు తెచ్చెదరు? బావి దగ్గరకు నేను వెళ్ళకూడదు గదా, బావి ఎటుందో కూడా నాకు తెలియదు. కర్రపెండలం ఆకు కూర, కొబ్బరిపాలు పోసినది, నాకు పడుతుందో లేదో చెప్పలేను, ఎప్పుడూ తిన్న జ్ఞాపకం లేదు. కోడి వేయించి పెట్టగలరు. తొడ ముక్క.

నాతో ఒకరిని తీసుకురావచ్చని సెలవిచ్చారు. తీసుకువస్తున్నాను. ఆయన పేరు సెబాస్తియావ్. మా షెడ్డులో ఆయన మాటే మాట. మీ కాగితం మొదటి రోజే విన్నారు, బాగా నచ్చింది, మంచము గురించి పదే పదే అడుగుచున్నారు. ఎండ ఆయనకు పడదు. పళ్ళు కొంచెము ఇబ్బంది పెడుతున్నవి గనుక మెత్తని పదార్థములు చేయించగలరు. ఆయనకు ఎన్నో నంబరు మంచమో ముందుగా తెలియజేయవలెను.

కొబ్బరి తురిమే రోజుకు రావద్దని రెండుసార్లు రాశారు. ఒక్కసారి రాస్తే సరిపోయేది. అతిథులకు చెవులు బాగానే ఉండును.

గురువారము జవాబునకు ఎదురుచూచుచు,
కుమారి ఫెలిజార్దా,
ఒకటో నంబరు మంచము


ఇన్యాంబానె,
బుధవారం, 3 డిసెంబర్ 1997

ఒసేయ్ ఫెలీ, నా తల్లీ! ఇదా నీ కోపం వెనకున్న సంగతి!

మొదటి పేరా చదివి ఏడ్చాను. నన్ను "మీరు" అన్నావు. నిన్ను పెంచినన్నాళ్ళూ ఒక్కసారి అనలేదు, పాదిరి గారి ముందు అనమన్నా అనలేదు. "గారు" చూసేసరికి ఉత్తరం వేరే వాళ్ళదేమోనని కవరు వెనక్కి తిప్పి చూశాను. కింద సెబాస్తియావ్ దగ్గరికొచ్చాక కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచీ చదివితే అంతా హాస్యంలా అనిపించింది. ఉన్నాడని ఒక్క ముక్క ముందే చెప్పొచ్చు కదే!

తీతు మామయ్య అప్పుడే టోపీ కొన్నాడు. మేనమామ కదా, పిల్లకిచ్చే ఓలి మాట్లాడ్డానికి వాళ్ళ పెద్దలొస్తే కూర్చోవాల్సింది తనే. పాత టోపీ పెట్టుకుని మాట్లాడితే ఓలి తగ్గించేస్తారట. మీ పెదనాన్న అడుగుతున్నాడు, అతనిది ఏ ఊరు, ఎండ పడకపోవడానికి ఎండే లేని ఊళ్ళో పుట్టాడా అని. పళ్ళ నొప్పికి లవంగం దవడన పెట్టుకోమను. వయసెంత? మేస్త్రి అంటే ముప్పై దాటి ఉంటాయిలే, పర్లేదు. స్థిరంగా ఉంటాడు.

ఇక చెప్పేస్తాను. నొయెమియా చెప్పొద్దంది గానీ ఇప్పుడు భయం లేదు.

కొబ్బరి తురిమే రోజు ఆడవాళ్ళు ఏం పాడతారో నీకు తెలుసు. పెళ్ళికూతురు మీద, అత్తగారి మీద పాడతారు, అందరికంటే ఎక్కువగా పెళ్ళికాని అక్క మీద పాడతారు. చెల్లెలు ముందు వెళ్ళిపోతుంటే అక్కని వదులుతారా? పోయిన ఏడు మన వీధిలో ఎర్మెలిందా పెళ్ళిలో వాళ్ళక్క మీద పాడారు. ఆ పిల్ల తురుముతున్న చిప్ప కింద పెట్టి, చేతులకి కొబ్బరి అంటుకుని ఉండగానే వెళ్ళి పడవెక్కింది. ఈ రోజుకీ ఊళ్ళో అడుగు పెట్టలేదు. వాళ్ళమ్మ రేవు వైపు వెళ్ళడమే మానేసింది.

మీ జువకీనా అత్త నీ మీద అక్టోబరు నుంచే పాట కట్టి పెట్టుకుంది. వీధి పంపు దగ్గర కూనిరాగం తీస్తుంటే నేనే విన్నాను.

చిన్న కుండ పొయ్యెక్కి అన్నం వండింది
పెద్ద కుండ మతోలాలో మసి పూసుకుంది

విని ఇంటికొచ్చి నొయెమియాకి చెప్పాను. అది అంతా విని, "అమ్మా, అక్క కూడా లేచి వెళ్ళిపోతే?" అంది. అతిథి మీద ఎవరూ పాడరు. పాడితే మర్యాద కాదు, జువకీనాకి కూడా ఆ మాత్రం తెలుసు. అందుకని నొయెమియా పాదిరి గారి టైపు మిషను అడిగి తెచ్చి, తన చేతుల్తో నీ పేరు అతిథుల్లో కొట్టింది. కొడుతూ ఏడ్చింది. అందుకే నాలుగో నంబరులో "మతోలా" అక్షరాలు వంకరగా పడ్డాయి. నిన్ను బయట పెట్టడానికి కాదే. నువ్వు మళ్ళీ రావడానికి.

ఇప్పుడు సెబాస్తియావ్ ఉన్నాడుగా! ఇక వాళ్ళేం పాడుకుంటే మనకేం? అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే జువకీనా నోట్లో కొబ్బరిచిప్ప పెట్టినట్టే. కాగితం చించేస్తాను. అతనికి మాత్రం రెండో నంబరు మంచం.

అతని ఫొటో ఉంటే కుస్తోదియు చేతికివ్వు. వీధంతా అడుగుతున్నారు.

నీ పెద్దమ్మ
(పంచదార మూడు చెంచాలు ఎప్పటి నుంచే? పళ్ళు నీకూ పోతాయి.)


మతోలా,
సోమవారం, 8 డిసెంబర్ 1997

నా పాట నాకు కాకుండా చేశారు. అసలు తప్పు ఇదీ. మంచమూ కాదు, నీలం గుడ్డా కాదు. నాకిప్పుడు తెలిసింది.

ముందు మేస్త్రి సంగతి తేల్చేస్తాను, లేకపోతే ఊళ్ళో ఇంకేం కొంటారో. సెబాస్తియావ్‌కి అరవై దాటాయి. పెళ్ళాం ఉంది, మనవలున్నారు. పళ్ళు నొప్పి కాదు, లేవు. కాగితంలో "ఒకరిని తీసుకురావచ్చును" అని ఉంటే మీ మీద కోపంతో ఆయన పేరు రాశాను. నీ ఉత్తరం షెడ్డులో చదివితే ఆయన నవ్వీ నవ్వీ బస్సు కింద నుంచి బయటికి రాలేకపోయాడు. ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్తే ఆవిడ, "ఓలి ఎంత అడుగుతారో కనుక్కో, ఎక్కువైతే నిన్ను నేనే ఉంచుకుంటాను" అందట. ఇప్పుడు వాళ్ళిద్దరూ పెళ్ళికొస్తామంటున్నారు. తీతు మామయ్య టోపీ తన తలకి సరిపోతుందేమో అడగమన్నాడు.

కాబట్టి నాకెవరూ లేరు. జువకీనా అత్తకి చెప్పు, పెద్ద కుండ ఇంకా మతోలాలోనే ఉంది, మసితోనే ఉంది.

ఇప్పుడు నా మాట విను. కోపంగా ఉన్నాను, నవ్వొస్తోంది కూడా, రెండూ కలిపి రాస్తే అక్షరాలు వంకరపోతున్నాయి. నొయెమియా ఒక్కదానికే కాదు.

యుద్ధంలో అమ్మ పోయాక నన్ను మీ గుమ్మంలో దింపిన రోజు గుర్తుందా? నాకు పదేళ్ళు. పొరుగావిడ నాకోసం పళ్ళెంలో అన్నం పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి తెచ్చింది. "పాపం, దారి తప్పి వచ్చిన పిల్ల, ఉన్న నాలుగు రోజులూ బాగా చూసుకోండి" అంది. నువ్వు ఆ పళ్ళెం తీసి పక్కన పెట్టావు. కొబ్బరి తురిమే పీట కాలితో నా ముందుకి తోశావు. "కూర్చో. ఈ చిప్ప అయ్యేదాకా లేవకు. ఈ ఇంట్లో తినేవాళ్ళు తురుముతారు" అన్నావు. నా వేలు తెగింది. ఏడిస్తే ఉప్పునీళ్ళు పోసి, ఇంకో చిప్ప చేతిలో పెట్టావు. పొరుగావిడ నిన్ను రాక్షసి అనుకుంటూ వెళ్ళిపోయింది. నాకు మాత్రం అప్పుడే తెలిసింది, నన్నిక ఎక్కడికీ పంపరని.

ఇన్నేళ్ళకి ఆ తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం తెచ్చి మళ్ళీ నా ముందు పెట్టారు. నా మీద ప్రేమతో పెట్టారు, అదీ నిజమే. ప్రేమతో పెట్టినా పళ్ళెం పళ్ళెమే.

ఎర్మెలిందా అక్క ఎందుకు లేచి వెళ్ళిందో నాకు తెలీదు. ఆ పిల్లకి ఎదురుపాట కట్టడం రాదేమో. లేక పక్కన కూర్చుని వంత పాడేవాళ్ళు ఒక్కళ్ళూ లేరేమో. నాకు వచ్చు. ఎవరి మీదైనా పాడాలంటే ముందు వాళ్ళు మనవాళ్ళై ఉండాలి. మతోలాలో నా మీద ఎవరూ పాడరు పెద్దమ్మా. ఇక్కడ నేను ఎవరి కుండనీ కాదు. జువకీనా అత్త అక్టోబరు నుంచి నా గురించి ఆలోచిస్తోందని చదివి నాకెంత సంతోషమేసిందో నీకు తెలీదు. పాట మాత్రం బాగాలేదు. రెండో వరుసలో బిగువు లేదు. నా జవాబు ఇదీ, ఇప్పుడే చెప్పకు:

మసి పట్టినా నా కుండ నేనే అతికాను
అత్త కుండ మూత దొర్లి మషీషెలో తేలింది

మావయ్య ఆవిడని వదిలి ఆ ఒడ్డుకి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయింది? ఆవిడకే నవ్వొస్తుంది చూడు. రాకపోతే నాదీ బాగాలేనట్టు.

నాకు మంచం వద్దు. ఒకటి డాక్టరుకే ఇచ్చెయ్యి. నాలుగు మేస్త్రికీ ఆయన భార్యకీ, ఇద్దరూ గురక పెడతారు, పాదిరి గారి చెల్లెలికి తోడు. నాకు చాప కావాలి. నీలం కావాలి. పని కావాలి. నొయెమియా ఇంకోసారి నా మీద దయ చూపిస్తే దాని గౌన్లు చింపుతాను, పెళ్ళి గౌనుతో సహా.

బుధవారం, పదిహేడు, కొబ్బరి పీట నాకు ఉందా లేదా? ఈ గురువారం కుస్తోదియు చేతికి జవాబు. ఉందని రాకపోతే శనివారం అతిథిగానే దిగుతాను, రేవులో చెప్పులు నీ చేత మోయిస్తాను.

ఫెలీ


ఇన్యాంబానె,
బుధవారం, 10 డిసెంబర్ 1997

ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఇంకా మతోలాలో కూర్చుని ఉత్తరాలు రాస్తున్నావు!

సిగ్గుందా? ఇక్కడ కర్రపెండలం ఆకు దంచాలి, వేరుశనగ దంచాలి, కొబ్బరికాయలు పెరడంతా దొర్లుతున్నాయి, మేక వాటి మీదెక్కి తిరుగుతోంది. నా చేతులు రెండే. పెద్దపిల్లవి నువ్వు. ఇది నేను చెప్పాలా? ఎవరైనా కాగితం పంపితే రావాలా?

ఉల్లిపాయలు తేవద్దని కుస్తోదియుకి చెప్పేశాను. నువ్వే తేవాలి, చూసి తే, పోయినసారి తెచ్చినవి లోపల కుళ్ళు. వెల్లుల్లి కూడా. నిమ్మ ఇక్కడుంది. నీ ఇనుము అతికే సామాను చిన్నదేదైనా ఉంటే పట్టుకురా, పెద్ద డేగిసా అడుగు కారుతోంది.

నీలం గుడ్డ కొట్లో అయిపోయింది. మషీషెలో కూడా వెతికించాను, లేదు. నా కపులానా నిలువునా చింపాను. నీ సగం ఇందులో పెట్టాను, అంచు నొయెమియా కుట్టింది, కుట్లు వంకరగా ఉంటే దాన్ని తిట్టు. నువ్వు సన్నం, నీకు సరిపోతుంది. నేను లావు, నాకు సగం చాలదు. పెళ్ళిలో నా వెనకభాగం ఊరంతా చూస్తే అది నీ తప్పు.

తీతు మామయ్య టోపీ కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. అదీ నీ తప్పే.

జువకీనాకి నీ జవాబు చెప్పలేదు. నువ్వు పీట మీద కూర్చుంటావని మాత్రం చెప్పాను. ఆవిడ, "అయితే రెండో వరుస మార్చాలి" అని, బిందె పంపు దగ్గరే వదిలేసి ఇంటికెళ్ళిపోయింది. వంత పాడేది నేనే. ఎవరి వైపో అక్కడికొచ్చాక చూసుకో.

నీ పీట కడిగి ఎండలో పెట్టాను. పళ్ళు అరిగిపోతే ఆర్లిందు పదును పెట్టాడు. చూసుకుని తురుము, వేలు తెగితే ఉప్పునీళ్ళే ఉన్నాయి.

శనివారం ఇటొచ్చే బస్సులో జవాబు రావాలి, ఉల్లిపాయలు కొన్నానని. మంగళవారం కుస్తోదియు బస్సులో నువ్వు రావాలి. పోటు చూసుకోకు, బురదలో నడిచి రా.

జుల్మీరా